నలుగురు కలిసి రాసే సైటును సర్వర్‌కు ఎక్కించుడు ఎట్ల?

తమ్మీ, నువ్వు రాసింది రెండుసార్లు చదివిన. మీరు నలుగురు. ఇద్దరు నల్గొండల, ఒకరు మిర్యాలగూడల, ఒకరు హైదరాబాద్‌ల ఉన్నరు. చేనేత చీరలు అమ్మే సైటు, లారావెల్‌ల (పీహెచ్‌పీ భాషల సైట్లు రాసే తయారు చట్రం) రాసిన్రు. కోడ్ మార్పుల చరిత్రను దాచే పనిముట్టు గిట్. మీ కోడ్ అంతా గిట్‌హబ్ అనే సైటుల ఒకే ప్రైవేటు రిపోల, అంటే గిట్ చరిత్రతోని సహా కోడ్ దాచే జాగల, ఉంది. అద్దెకు తీసుకున్న లినక్స్ సర్వర్ ఒకటి. ఎవరికి తీరిక దొరికితే వాళ్లు అందుల లాగినై గిట్ పుల్ కొడుతున్నరు, అంటే రిపోల ఉన్న కొత్త కోడ్‌ను సర్వర్‌కు లాగుతున్నరు. పోయిన వారం ఆ పుల్ నడుమల ఆగి సైటు అరగంట పడిపోయింది. ఇప్పుడు 'డాకర్ నేర్చుకోవాలెనా, కుబర్నెటిస్ కావాలెనా' అని అడుగుతున్నవ్. (డాకర్ అంటే సైటును దానికి కావలసినవాటితోని ఒక డబ్బాల కట్టేది, కుబర్నెటిస్ అంటే అసుంటి డబ్బాలను చానా సర్వర్ల మీద నడిపేది.)

రెండూ అక్కర్లేదు. సర్వర్ మీద కోడ్ ముట్టుకునుడు బంద్ చేస్తే మీ తిప్పలు సగం ఒడుస్తయ్. మిగతా సగానికి ఇరవై ముప్పై లైన్ల షెల్ స్క్రిప్ట్, అంటే కమాండ్లను వరుసగ నడిపే ఫైలు, చాలు.

మీరు అమ్మేది ఇక్కత్ చీరలే గదా, దాంతోనే చెప్త. గట్టుప్పల్, పుట్టపాక దిక్కు మగ్గాల ఇండ్లల్ల చూసే ఉంటవ్. ఆడ డిజైన్ మగ్గం మీద పుట్టది. నూలును ఆసు పోసి, గుర్తులు పెట్టి, చిటికి కట్టి, అంటే రంగు అంటొద్దన్న కాడ గట్టిగ ముడేసి, రంగుల ముంచి, ఆరబెట్టి, అప్పుడు మగ్గానికి ఎక్కిస్తరు. మగ్గం మీద కూసున్నంక 'ఈ పువ్వు ఎరుపు వద్దు, పచ్చ కావాలె' అంటే నేసేటాయన ఏం చేయలేడు, మల్ల చిటికి కాడికే పోవాలె. మీ రిపో చిటికి కట్టే జాగ, సర్వర్ మగ్గం. మార్పు ఎంత చిన్నదైనా, ఒక్క ఫోన్ నంబరే అయినా, రిపోల పుట్టి సర్వర్‌కు రావాలె.

ఫోన్ నంబర్ అని ఊకె అనలే. మహబూబ్‌నగర్‌ల పనిచేసే రోజుల్ల జడ్చర్ల దిక్కు ఒక విత్తనాల దుకాణానికి సైటు చేసినం. ఓనర్ ఒక సాయంత్రం ఫోన్ చేసి నంబర్ మార్చమన్నడు. నేను బస్‌స్టాండ్ల ఉన్న. లాప్‌టాప్ తీసి, సర్వర్‌ల లాగినై, అక్కడనే ఫైలు మార్చి, అక్కడనే కమిట్ కొట్టిన, అంటే మార్పును గిట్ చరిత్రల ఎక్కించిన. పుష్ చేయలే, అంటే రిపోకు పంపలే. మూడు రోజులకు మా పిలగాడు అదే లైనుల అడ్రస్ మార్చి రిపోకు పంపిండు, సర్వర్‌ల పుల్ కొట్టిండు. గిట్‌కు రెండిట్ల ఏది నిజమో తెలుస్తదా? ఫైలుల ఏడు ఎడమ బాణాలు, నా లైను, ఏడు ఈక్వల్ గీతలు, వాని లైను, ఏడు కుడి బాణాలు పెట్టి, 'మీరే తేల్చుకోండ్రి' అని ఊరుకుంది. ఆ బాణాలు సీదా సైటు మీద కనబడ్డయ్. ఓనర్ ఫోన్ చేసి 'ఏందన్నా, మా నంబర్ చుట్టూ ఈ బాణాలేంది, ఎవలన్న హ్యాక్ చేసిన్రా?' అన్నడు. నేనే చేసిన అని చెప్పలేకపోయిన.

కమిట్ చేయకుండ ఊరికే ఫైలు మార్చి ఉంటే ఇంకో తీరుగ ఇరుక్కుంటం. అదే ఫైలు రిపోల కూడ మారి ఉంటే గిట్ అసలు పుల్ చేయనే చేయదు, 'నీ మార్పులు కొట్టుకపోతయ్' అని ఆపేస్తది. అప్పుడు టైము లేదని ఒకరు స్టాష్ (మార్పును పక్కన దాచుడు) అంటరు, ఇంకొకరు హార్డ్ రీసెట్ (మార్పును కొట్టేసుడు) అంటరు. ఎవరి మార్పు ఎటు పోయిందో ఎవరికీ గుర్తుండది. మీ అరగంట ఈ రెండిట్ల ఏదో ఒకటి అయ్యుంటది.

కాబట్టి కొత్తది కట్టేముందు పాతది ఊడ్వాలె. సర్వర్‌ల ఇప్పుడున్న ఫోల్డర్‌ను మొత్తం ఒక టార్ ఫైలు (అన్నీ కలిపిన ఒకే మూట) చేసి వేరే తావున దాచుండ్రి. డేటాబేస్ డంప్ (మొత్తం కాపీ) కూడ. తర్వాత ఆ ఫోల్డర్‌ల గిట్ స్టేటస్ కొట్టి చూడు. అక్కడ మారిన ఫైళ్లు కనబడితే గిట్ డిఫ్‌ను (మారిన లైన్ల జాబితా) ఒక ఫైలుకు ఎక్కించుకొని, దాన్ని నీ లాప్‌టాప్‌ల కొత్త బ్రాంచ్ (అదే కోడ్‌కు వేరే పాయ) మీద అప్లై చేసి, నలుగురు చూసి, పనికొచ్చేది రిపోల కలుపుండ్రి. పుష్ కాని కమిట్లు సర్వర్‌ల ఏమన్న మిగిలినయా అన్నది గిట్ ఫెచ్ (రిపోల కొత్తవి తెచ్చుకునుడు) చేసినంక లాగ్‌ల తెలుస్తది. ఇగ రిపోల లేని ఫైళ్లు: ఎవరో చేసిన పాత ఇండెక్స్ కాపీలు, ఎన్నడో తీసి మరిచిపోయిన డేటాబేస్ డంపు. పబ్లిక్ ఫోల్డర్‌ల డంప్ ఫైలు పడి ఉంటే పేరు ఊహించినోడు ఎవడైనా దించుకుంటడు. ఇయ్యాల్నే తీసెయ్యి.

ఇంకొకటి కూడ ఇయ్యాల్నే చూడు. బ్రౌజర్‌ల మీ సైటు అడ్రస్ పక్కన స్లాష్, డాట్ గిట్, స్లాష్, పెద్దక్షరాలల్ల హెడ్ అని కొట్టు. 'రెఫ్' అని మొదలయ్యే ఒక లైను వచ్చిందనుకో, మీ కోడు, దాని చరిత్ర అంతా బజార్ల ఉన్నట్టే. అట్లనే డాట్ ఎన్వ్ ఫైలు, అంటే పాస్‌వర్డులు, కీలు ఉండే సెట్టింగుల ఫైలు, వస్తుందా చూడు. లారావెల్‌ల ఎన్‌జిన్‌ఎక్స్ (బ్రౌజర్‌కు పేజీలు అందించే సాఫ్ట్‌వేర్) రూట్ పబ్లిక్ ఫోల్డర్‌కే చూపించాలె. చానామంది దాని పై ఫోల్డర్‌కు చూపిస్తరు, అప్పుడు డేటాబేస్ పాస్‌వర్డ్ తోని సహా తలుపు తీసి పెట్టినట్టే. అట్ల వస్తుంటే తలుపు మూసినంక పాస్‌వర్డులన్నీ కూడ మార్చాలె. ఎవరన్న చూసిన్రా లేదా అని ఎదురుచూసుడు దండుగ.

పాస్‌వర్డుల మాట వచ్చింది గనుక: డాట్ ఎన్వ్ ఎన్నడన్న పొరపాటున రిపోల కమిట్ అయిందా? తర్వాతి కమిట్‌ల తీసేసినం గదా అంటరు. ముందటి కమిట్‌ల అది అట్లనే ఉంటది, రిపో క్లోన్ చేసిన (మొత్తం కాపీ దించుకున్న) ప్రతి లాప్‌టాప్‌ల ఉంటది. చరిత్ర తిరగరాసే పద్ధతులు ఉన్నయ్ గానీ, నా మాట విను, ముందు ఆ కీలు, పాస్‌వర్డులు రద్దు చేసి కొత్తవి తీసుకో. పేమెంట్ గేట్‌వే కీ మొదలు.

ఇగ అసలు పని.

గిట్‌ను లైనస్ టోర్వాల్డ్స్ 2005ల లినక్స్ కర్నెల్ కోడ్ కోసం రాసిండు. సైట్లు ఎక్కించనీకి కాదు. అందుకే ఎక్కించే పనికి కావలసినవి కొన్ని దానికి పట్టయ్. ఫైలుకు యజమాని ఎవరో గిట్ దాచదు. పర్మిషన్లల్ల ఎగ్జిక్యూట్ చేయొచ్చా లేదా అన్నది ఒక్కటే గుర్తుంచుకుంటది. ఖాళీ ఫోల్డర్‌ను అసలు లెక్కనే చేయదు. లాప్‌టాప్‌ల ఉన్న క్యాష్ ఫోల్డర్ సర్వర్‌కు రాలేదని ఒక పూటంతా తలకాయ పట్టుకున్న పిలగాండ్లను చూసిన. లారావెల్ అసుంటి ఫోల్డర్ల లోపల ఒక గిట్‌ఇగ్నోర్ (గిట్ పట్టించుకోవద్దన్న ఫైళ్ల జాబితా) ఫైలు పెట్టి పంపేది అందుకే, అనవసరం అనుకొని తీసెయ్యకుండ్రి.

రిపో నుంచి సర్వర్‌కు కోడ్ తెచ్చే తొవ్వలు మూడు. సర్వర్‌లనే ఒక బేర్ రిపో (చరిత్రే ఉండి, విప్పిన ఫైళ్లు లేనిది) పెట్టి, దానికి పుష్ చేస్తే పోస్ట్ రిసీవ్ హుక్ (పుష్ రాంగనే దానంతట అదే నడిచే స్క్రిప్ట్) నడిచి ఫైళ్లను సైటు ఫోల్డర్‌ల పరిచేది ఒకటి. సర్వరే గిట్‌హబ్ కాడికి పోయి తెచ్చుకునేది రెండోది. గిట్‌హబ్ యాక్షన్స్ (మన పనులను గిట్‌హబ్ నడిపిపెట్టే సేవ) నడుమల నిలబడి, టెస్టులు నడిపి, సర్వర్‌కు పంపేది మూడోది.

మొదటి తొవ్వ నాకు ఇష్టమే, బయటి సర్వీసు ఏదీ అక్కర్లేదు. కానీ మీకు కోడ్ ముందే గిట్‌హబ్‌ల ఉంది, రెండు రిమోట్లు (పుష్ చేసే జాగలు) పెట్టుకుంటే ఒకరు ఒకదానికి, ఇంకొకరు ఇంకోదానికి పుష్ చేసి మల్ల లొల్లి. అయినా ఎన్నడన్న ఆ తొవ్వ పడితే రెండు గుంతలు చెప్త. సర్వర్ మీద రిపో బేర్‌దే కావాలె. మామూలు రిపోల చెక్‌అవుట్ అయి ఉన్న (ఫైళ్లు విప్పి ఉన్న) బ్రాంచ్‌కు పుష్ చేయబోతే గిట్ ఒప్పుకోదు, అది మంచికే. రెండోది, హుక్ నడిచేటప్పుడు గిట్ డిర్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ ముందే పెట్టి ఉంటది. హుక్ లోపల వేరే ఫోల్డర్‌కు పోయి గిట్ పుల్ కొడితే 'ఇది గిట్ రిపో కాదు' అంటది. చేత్తోని కొడితే నడుస్తది, హుక్‌ల నడవది. ఆ వేరియబుల్‌ను అన్‌సెట్ చేస్తే పోతది. నేను దీనికి ఒక రాత్రి పోగొట్టుకున్న.

మీకు రెండోది సరిపోతది. బాగా అలవాటైనంక మూడోదాన్ని దాని మీద బటన్ లెక్క పెట్టుకోవచ్చు.

ముందు సర్వర్‌ల డిప్లాయ్ (ఎక్కించుడు) అని వేరే యూజర్‌ను చేయుండ్రి. రూట్ (అన్ని హక్కులున్న యూజర్) తోని గిట్ నడపకుండ్రి. ఒకసారి రూట్, ఒకసారి మామూలు యూజర్ పుల్ కొడితే లోపలి ఫైళ్లు సగం రూట్ పేరు మీద పడి, తర్వాత పర్మిషన్ లేదని ఏడుస్తది. 2022 నుంచి అయితే ఫోల్డర్ యజమాని వేరే ఉంటే గిట్ అనుమానపడి పనే చేయదు. దానికి సేఫ్ డైరెక్టరీ అనే సెట్టింగుల నక్షత్రం గుర్తు (*) పెట్టి అన్నిటికీ ఒప్పించే చిట్కా నెట్ల దొరుకుతది, అది మందు కాదు. యజమానిని సరిచెయ్యి.

ఆ డిప్లాయ్ యూజర్‌కు ఒక ఎస్ఎస్‌హెచ్ కీ (పాస్‌వర్డ్ బదులు వాడే తాళంచెవి ఫైలు) చేసి, గిట్‌హబ్‌ల మీ రిపోకు డిప్లాయ్ కీ లెక్క పెట్టు, చదివేందుకు మాత్రమే. 2021 ఆగస్టు 13 నుంచి గిట్‌హబ్ అకౌంట్ పాస్‌వర్డ్ తోని గిట్ పనులు ఒప్పుకోదు గనుక, చానా టీముల్ల ఎవరో ఒకరి సొంత టోకెన్ (పాస్‌వర్డ్ బదులు వాడే రహస్య అక్షరాలు) సర్వర్‌ల పడి ఉంటది. మీకాడ కూడ ఉంటదని నా అనుమానం. ఆ మనిషి టీము ఇడిసిపోతే ఎక్కించుడు ఆగిపోతది. సర్వర్‌ల దొంగ పడితే ఆ మనిషి చేతిల ఉన్న రిపోలన్నీ పోతయ్. డిప్లాయ్ కీ ఒక్క రిపోకే, అదీ చదువుడే. సర్వర్ నుంచి పుష్ చేయనీకి రాదు గనుక నా అసుంటోడు బస్‌స్టాండ్ల కూసుండి కమిట్ కొట్టినా అది రిపోకు పోదు.

ఫోల్డర్లు ఇట్ల పెట్టుకోండ్రి. రిలీజెస్ అని ఒకటి, దాంట్ల ఎక్కించిన ప్రతిసారి తేదీ, టైము పేరుతోని కొత్త ఫోల్డర్. షేర్డ్ అని ఒకటి, దాంట్ల డాట్ ఎన్వ్, లారావెల్ స్టోరేజ్ ఫోల్డర్, అంటే అప్‌లోడ్ చేసిన చీరల ఫోటోలన్నీ. ఇగ కరెంట్ అని ఒక లింక్, ఇప్పుడు నడిచే రిలీజ్‌ను చూపిస్తది. మన దిక్కు కరెంట్ అంటే పోయి వచ్చేది. ఈ కరెంట్ మాత్రం ఒక్క సెకన్ పోవద్దు, కథంతా అందుకే. ఎన్‌జిన్‌ఎక్స్ కరెంట్ లోపలి పబ్లిక్ ఫోల్డర్‌ను చూస్తది.

స్క్రిప్ట్ చేసే పని చెప్త, కమాండ్లు నువ్వు రాసుకో. మొదటి లైన్లనే తప్పు వస్తే ఆగిపోయేటట్టు సెట్ మైనస్ ఈ (set -e) పెట్టు. ఎఫ్‌లాక్ తోని తాళం వెయ్యి. మిర్యాలగూడ నుంచి ఒకరు, హైదరాబాద్ నుంచి ఒకరు ఒకే నిమిషంల నడిపితే రెండోవాళ్లు బయటనే ఆగాలె. తర్వాత పక్కన ఉన్న బేర్ క్లోన్‌ల గిట్ ఫెచ్. పుల్ కాదు, ఫెచ్. పుల్ అంటే తెచ్చి కలుపుడు, సర్వర్‌కు కలిపే పని లేదు. తర్వాత అడిగిన ట్యాగ్‌ను (ఒక కమిట్‌కు పెట్టిన పేరు) గిట్ ఆర్కైవ్ తోని తీసి, టార్ ద్వారా కొత్త రిలీజ్ ఫోల్డర్‌ల విప్పు. ఇట్ల వచ్చిన ఫోల్డర్‌ల డాట్ గిట్ అసలే ఉండదు. ఇందాకటి బజారు భయం పోయింది. ఎవరన్న సర్వర్ మీద ఫైలు మార్చినా తర్వాతి ఎక్కింపుకు ఆ ఫోల్డరే పక్కకు పోతది, కొట్లాట ఉండదు.

ఆర్కైవ్‌ల వచ్చిన స్టోరేజ్ ఫోల్డర్‌ను తీసేసి, ఆ జాగల షేర్డ్ నుంచి లింక్ వెయ్యి, డాట్ ఎన్వ్‌కు కూడ అంతే. తీసెయ్యకుండ లింక్ వేస్తే లింక్ పోయి ఆ ఫోల్డర్ లోపల పడతది, ఫోటోలు కనబడయ్, జర చూసుకో. తర్వాత కంపోజర్ (పీహెచ్‌పీ ప్యాకేజీలు తెచ్చేది) ఇన్‌స్టాల్, డెవ్ ప్యాకేజీలు లేకుండ. జావాస్క్రిప్ట్ దిక్కు ఎన్‌పీఎం ఇన్‌స్టాల్ కాదు, ఎన్‌పీఎం సీఐ. అది లాక్ ఫైలుల ఉన్న వెర్షన్లే తెస్తది. లాక్ ఫైళ్లు రెండూ రిపోల ఉండాలె. 'గొడవ వస్తుందని గిట్‌ఇగ్నోర్‌ల పెట్టినం' అనేటోళ్లు ప్రతి టీముల ఒకరుంటరు. నీ లాప్‌టాప్‌ల ఒక వెర్షన్, సర్వర్‌ల ఇంకో వెర్షన్ నడుస్తుంటే తప్పు ఏడ ఉందో బ్రహ్మకు కూడ తెలవది. సర్వర్ చిన్నదైతే, ఒకటి రెండు జీబీ ర్యామ్ ఉంటే, ఎన్‌పీఎం బిల్డ్ దాని మీద చేయకుండ్రి. మెమరీ చాలక డేటాబేస్‌నే చంపొచ్చు.

అన్నీ సరిగ అయినంకనే లింక్ మార్చుడు. పాత లింక్ పీకి కొత్తది పెడితే నడుమల చిన్న సందు ఉంటది. ఆ సందుల వచ్చిన కస్టమర్‌కు ఎర్రర్. అందుకే కొత్త లింక్‌ను వేరే పేరుతోని చేసి, ఎంవీ కమాండ్ తోని కరెంట్ పేరు మీదికి జరుపు. పేరు మార్చుడు ఒక్కటే అడుగు, సందు ఉండది. ఎంవీకి పెద్ద టీ ఆప్షన్ మరవకు, లేకుంటే ఇది కూడ పాత ఫోల్డర్ లోపలికి పోయి పడతది. ఎన్‌జిన్‌ఎక్స్‌ల పీహెచ్‌పీకి పంపే దారిల డాక్యుమెంట్ రూట్ బదులు రియల్‌పాత్ రూట్ పెట్టు. లేకుంటే ఓపీక్యాష్ (పీహెచ్‌పీ కోడును మెమరీల దాచేది) పాత ఫోల్డర్ కోడే పట్టుకొని కూసుంటది, 'ఎక్కించినం గానీ మారలే' అని మల్ల అడుగుతవ్. ఆ వెంటనే పీహెచ్‌పీ ఎఫ్‌పీఎం (పీహెచ్‌పీని నడిపేది) రీలోడ్, క్యూ వర్కర్లకు (మెయిళ్ల అసుంటి పనులు వెనుక చేసేవి) రీస్టార్ట్. క్యూది అందరు మరుస్తరు, ఆర్డర్ మెయిళ్లు పాత కోడు తోనే పోతుంటయ్.

చివరకు స్క్రిప్టే కర్ల్ (పేజీ తెరిచే కమాండ్) తోని మొదటి పేజీ, ఒక చీర పేజీ తెరిచి చూడాలె. 200, అంటే పేజీ సరిగ వచ్చిందన్న గుర్తు, రాకుంటే లింక్‌ను పాత రిలీజ్‌కు జరపాలె. వెనుకటి ఐదు రిలీజ్‌లు ఉంచి మిగతావి తీసెయ్యి.

వెనక్కు పోవుడు ఇంత సులువైతే ఎక్కించేటోనికి భయం పోతది. కానీ డేటాబేస్ మాత్రం వెనక్కు రాదు, ఇది మంచిగ అర్థం చేసుకో. చీరల టేబుల్‌ల 'ధర' కాలమ్ పేరు మార్చినవ్ అనుకో. మైగ్రేషన్ (టేబుల్ ఆకారం మార్చే కోడు) నడిచిన క్షణం నుంచి లింక్ మారేదాకా పాత కోడు పాత పేరునే అడుగుతుంటది, సైటు పడ్డట్టే. లింక్ మారినంక వెనక్కు పోవాలన్నా అదే ఇబ్బంది. అందుకే దఫాలుగ చేయాలె. మొదటి దఫా కొత్త కాలమ్ పెట్టి, కోడు రెండిట్లనూ రాసేటట్టు చేసి, పాత వరుసల విలువలు కొత్తదాంట్ల నింపు. అది కొన్ని రోజులు నిలబడ్డంక కోడు కొత్తదే చదివేటట్టు చెయ్యి. పాత కాలమ్‌ను చిట్టచివర తీసెయ్యి. నిదానమే, కానీ ఏ అడుగు కాడ ఆగినా సైటు నడుస్తది.

నువ్వు 'నా లాప్‌టాప్‌ల ఫోటోలు వస్తున్నయ్, సర్వర్‌ల వస్తలేవు' అని కూడ చివర్ల రాసినవ్. విండోస్‌కు ఫైలు పేరుల పెద్దక్షరం, చిన్నక్షరం ఒకటే. లినక్స్‌కు వేరువేరు. కోడుల చిన్న జీ తోని గద్వాల్ అని రాసి, ఫైలు పెద్ద జీ తోని ఉంటే విండోస్‌ల కనబడతది, సర్వర్‌ల కనబడది. ఫోన్ నుంచి, కెమెరా నుంచి వచ్చిన ఫోటోలకు చివరన జేపీజీ పెద్దక్షరాలల్ల ఉంటది, అదీ ఇదే రోగం. ఎక్స్‌ప్లోరర్‌ల పేరు మారిస్తే విండోస్ మీద గిట్ గుర్తుపట్టకపోవచ్చు, గిట్ ఎంవీ తోనే మార్చు. అట్లనే విండోస్ లైను చివరలు. స్క్రిప్ట్‌ను విండోస్‌ల రాసి పంపితే లినక్స్ 'బ్యాడ్ ఇంటర్‌ప్రెటర్' అంటది. రిపోల గిట్ యాట్రిబ్యూట్స్ ఫైలు పెట్టి, షెల్ ఫైళ్లకు ఎల్ఎఫ్ (లినక్స్ తీరు లైను చివర) అని చెప్పు, నలుగురికీ ఒకేసారి తెగిపోతది. తెలుగు పేజీలున్నయ్ గనుక ఇంకోటి: నల్గొండ అని రాసేటప్పుడు కొందరి కీబోర్డు ల్ పక్కన కనబడని అక్షరం ఒకటి పెడతది, అప్పుడు అది నల్‌గొండ. డిఫ్‌ల రెండు లైన్లూ ఇంచుమించు ఒకటే లెక్క కనబడతయ్, గిట్ మారిందంటది, సైటుల వెతికితే దొరకది. అది గిట్ తప్పు కాదు. ఏదో ఒకటి అనుకొని అందరు అదే రాయుండ్రి.

టీము కట్టుబాట్లు ఎక్కువ చెప్ప. మెయిన్ బ్రాంచ్‌కు నేరుగ పుష్ వద్దు, ఇంకొకరు చూసినంకనే కలపాలె. మీ ప్లాన్‌ల బ్రాంచ్ ప్రొటెక్షన్ దొరికితే పెట్టుండ్రి, లేకుంటే మాట మీద నడవుండ్రి. ఎక్కించేది ఎప్పుడూ ట్యాగ్‌నే. 'మెయిన్‌ల ఏముంటే అది' అంటే నువ్వు బటన్ నొక్కే ముందటి నిమిషంల ఎవరు ఏం కలిపిన్రో నీకు తెలవది. తప్పు పోయిందంటే గిట్ రివర్ట్ (ఆ మార్పును తిప్పే కొత్త కమిట్) చేసి కొత్త ట్యాగ్. ఫోర్స్ పుష్ (రిపోల చరిత్రను బలవంతంగ మార్చే పుష్) మాత్రం మెయిన్ మీద చేయకుండ్రి, పక్కోని మూడు రోజుల పని కండ్ల ముందట మాయమైతది.

నడుమల నెట్ పోయినా, కరెంట్ పోయినా ఎక్కింపు ఆగద్దంటే సర్వర్‌ల టీమక్స్ (కనెక్షన్ తెగినా పని నడుస్తనే ఉండే తెర) లోపల స్క్రిప్ట్ నడుపు. మీ అరగంట కథల నెట్ పోవుడు కూడ ఉందేమో అని నాకు అనిపిస్తుంది. బతుకమ్మ, దసరా ముందు వారం మీకు గిరాకీ రోజులు. అప్పుడు ధర, ఫోటో తప్ప కోడు ఎక్కించకుండ్రి, అవి అడ్మిన్ పేజీ నుంచే మార్చొచ్చు గదా.

డాకర్ చెడ్డదని కాదు. సర్వర్లు రెండు మూడు అయినప్పుడు, పీహెచ్‌పీ వెర్షన్లు కలవనప్పుడు అది పనికొస్తది. కుబర్నెటిస్ మాట మీ నలుగురు నలభై మంది అయినంక మాట్లాడుకుందం.

ముందు ఆ గిట్ స్టేటస్ కొట్టి ఏం వచ్చిందో రాయి. ఫైళ్ల పేర్లు చాలు, డాట్ ఎన్వ్ లోపలిది మాత్రం ఇక్కడ అతికించకు. పుష్ కాని కమిట్లు ఏమన్న దొరికితే వాటిని ఎట్ల కాపాడాలెనో చూసి చెప్త, అప్పటిదాక ఎవరినీ హార్డ్ రీసెట్ కొట్టనియ్యకు.